‘చాలు’ అంటే వదలాలి: కరాటే, జూడో నేర్చుకునే పిల్లల పెద్దలకు

మీలో చాలామంది రాత్రంతా వార్డు బయట వరండాలో కూర్చుని ఉన్నారని నాకు తెలుసు, కాబట్టి ఎక్కువసేపు తీసుకోను. బీపీ గురించో షుగరు గురించో చెబుతారనుకుని వచ్చినవారు ఉంటారు. వాటి గురించి వచ్చే నెల చెప్పుకుందాం. ఈరోజు కరాటే, జూడో, తైక్వాండో లాంటి విద్యలు నేర్చుకునే పిల్లల గురించి, ఆ విద్యల్లో ఉన్న నీతి గురించి మాట్లాడతాను.

నర్సమ్మకు కరాటేతో ఏం పని అని మీరు అడగవచ్చు. వేసవి సెలవుల్లో క్యాంపులు మొదలవగానే మా క్యాజువాలిటీకి పిల్లలు వస్తారు. ఒకరికి మణికట్టు వాచి ఉంటుంది, ఒకరికి మోకాలు, ఒక్కోసారి ఒక పిల్లవాడు తల పట్టుకుని వస్తాడు. ఆడుకునే పిల్లలకు దెబ్బలు తగలడం సహజం, దానికి ఎవరినీ తప్పుపట్టను. కానీ దెబ్బ ఎలా తగిలిందని అడిగితే కొందరు పిల్లలు చెప్పే జవాబు వేరుగా ఉంటుంది. “నొప్పిగా ఉందని చెప్పాను సిస్టర్, మాస్టారు ఇంకోసారి చెయ్యమన్నారు.” ఈ మాట విన్నప్పుడల్లా, కట్టు కట్టడం ఒక్కటే సరిపోదు, పెద్దవాళ్ళతో కూడా మాట్లాడాలి అనిపిస్తుంది.

ముందుగా ఒక సంగతి చెప్పాలి. ఈ విద్యలు చెడ్డవని నేను చెప్పడం లేదు. టీవీ ముందు కూర్చునే పిల్లవాడు సాయంత్రం గంటసేపు చెమట పట్టేలా కదిలితే అంతకన్నా మంచి మందు లేదు. ఆడపిల్లలకైతే ఇంకా అవసరం. ప్రభుత్వ బడుల్లో ఆరో తరగతి నుంచి అమ్మాయిలకు రాణీ లక్ష్మీబాయి పేరు మీద ఆత్మరక్షణ శిక్షణ ఇస్తున్న సంగతి మీలో కొందరికి తెలిసే ఉంటుంది. మీ అమ్మాయి బడిలో ఆ శిక్షణ ఉంటే మానిపించకండి.

ఇక ఈ విద్యలు పుట్టిన చోటికి వెళ్దాం. జపానులో కానో జిగోరో అనే ఆయన 1860లో పుట్టారు. చిన్నప్పుడు సన్నగా, బలహీనంగా ఉండేవారు. తోటి విద్యార్థులు ఆయనను ఏడిపించి కొట్టేవారు. వాళ్ళను ఎదుర్కోవాలని జుజుత్సు అనే పాత కుస్తీ విద్య నేర్చుకున్నారు. నేర్చుకున్నాక చూస్తే అందులో ఎముకలు విరిచేవి, ప్రాణం తీసేవి చాలా ఉన్నాయి. ఆయన వృత్తి ఉపాధ్యాయుడు, కాబట్టి పిల్లలకు నేర్పగలిగేది ఏమిటని ఆలోచించారు. 1882లో టోక్యోలోని ఒక బౌద్ధ దేవాలయంలో, 12 చాపలు పరిచిన చిన్న గదిలో కొద్దిమంది శిష్యులతో జూడో మొదలుపెట్టారు. ప్రమాదకరమైన దెబ్బలను పోటీ సాధనలోంచి తీసేశారు. పేరులో ‘జుత్సు’ తీసేసి ‘డో’ పెట్టారు. జుత్సు అంటే పనితనం, డో అంటే దారి, మార్గం. ఆ ఒక్క అక్షరంలోనే ఆయన ఉద్దేశం తెలుస్తుంది.

ఆయన చెప్పిన సూత్రాలు ముఖ్యంగా రెండు. ఉన్న శక్తిని వృథా చేయకుండా మంచికి వాడాలన్నది ఒకటి. నువ్వూ నీ ఎదుటివాడూ కలిసి బాగుపడాలన్నది రెండోది. ఈ రెండో దాన్ని కొంచెం నిదానంగా ఆలోచించండి. కుస్తీ విద్యలో ఎదుటివాడు బాగుపడటమేమిటి? వాణ్ణి పడగొట్టడానికే కదా నేర్చుకునేది?

జూడో నేర్చుకోవడానికి వెళ్ళిన పిల్లవాడికి మొదట నేర్పేది పడగొట్టడం కాదు, పడటం. గడ్డం ఛాతీకి ఆనించి, తల నేలకు తగలకుండా, చేత్తో చాపను చరుస్తూ పడటం. అది ఒంటికి బాగా పట్టిన తర్వాతే ఎవరైనా వాణ్ణి ఎత్తి వేయాలి. ఎత్తి వేసేవాడికి కూడా ఒక పని ఉంది. ఎదుటివాడు గాలిలో ఉన్నప్పుడు వాడి చొక్కా చెయ్యి వదిలేయకూడదు. చివరి క్షణంలో కాస్త పైకి లాగి పట్టుకోవాలి, అప్పుడు వాడి తల, భుజం నేలకు గట్టిగా కొట్టుకోవు. ఓడించేవాడి చెయ్యే ఓడినవాడిని కాపాడుతుంది. నా మటుకు నాకు జూడోలోని నీతి అంతా ఆ చేతిలోనే ఉందనిపిస్తుంది. ఎందుకంటే సాధనలో ఎదురుగా ఉన్నవాడు శత్రువు కాదు. నువ్వు నేర్చుకోవడానికి తన ఒళ్ళు నీకు అప్పు ఇచ్చినవాడు. అప్పు తెచ్చుకున్న వస్తువును చెడగొట్టకుండా తిరిగి ఇవ్వాలి కదా.

రెండో సంగతి తట్టడం. పట్టు బిగిసి ఇక భరించలేనప్పుడు ఎదుటివాడి ఒంటి మీద గానీ చాప మీద గానీ రెండుసార్లు తడతారు. నోరు పెగలకపోయినా చెయ్యి చెబుతుంది. తట్టిన మరుక్షణం వదిలేయాలి. “ఇంకొంచెం చూద్దాం” అనేది అక్కడ లేదు. వైద్యం తెలిసినదానిగా చెబుతున్నాను, ఇది మర్యాద కోసం పెట్టిన నియమం మాత్రమే కాదు. మెడకు రెండు పక్కలా మెదడుకు రక్తం తీసుకెళ్ళే నాళాలు ఉంటాయి. అవి గట్టిగా నొక్కుకుంటే పది సెకన్లు అటూ ఇటుగా మనిషికి స్పృహ తప్పుతుంది. తట్టిన తర్వాత పట్టుకుని ఉన్న ప్రతి సెకనుకూ లెక్క ఉంది. అందుకే జపానులో ప్రాథమిక పాఠశాల పిల్లల పోటీల్లో గొంతు నొక్కే పట్లు, కీళ్ళు విరిచే పట్లు అసలు ఒప్పుకోరు.

కరాటే సంగతి కూడా ఇలాంటిదే. ఒకినావా దీవి నుంచి ఫునాకోషి గిచిన్ అనే బడి పంతులు 1922లో ఆ విద్యను టోక్యోకు తెచ్చారు. కరాటే తెలిసినవాడు ముందుగా చెయ్యి ఎత్తకూడదని, నమస్కారంతో మొదలై నమస్కారంతో ముగియాలని ఆయన నియమం పెట్టారు. గమనించండి, ఈ ఇద్దరూ పంతుళ్ళే.

పెద్ద పోటీల్లో కూడా ఈ నీతి కనబడిన సందర్భం ఒకటి ఉంది. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో మొదటిసారి జూడో పెట్టారు. చివరి పోటీలో నెదర్లాండ్స్‌కు చెందిన ఆంటన్ గీసింక్, సొంత గడ్డ మీద జపాను వీరుడు కామినాగా అకియోను ఓడించారు. గెలుపు ఉత్సాహంలో గీసింక్ దేశంవాళ్ళు చాప మీదికి పరుగెత్తుకు రాబోయారు. ఆయన చెయ్యి ఎత్తి వాళ్ళను ఆపేశారు. ముందు ఓడినవాడికి వంగి నమస్కారం చేశారు. ఆ పోటీ గురించి రాసినవారు చాలామంది ఆ చెయ్యి ఎత్తడాన్ని చెప్పుకున్నారు.

ఇంత మంచి నీతి ఉన్న విద్యలో దెబ్బలు ఎందుకు తగులుతున్నాయి? గోడ మీద రాసిన నీతి వేరు, సాయంత్రం ఆరు గంటలకు హాల్లో జరిగేది వేరు కాబట్టి. ఈ విషయంలో జపానే పెద్ద పాఠం. 1983 నుంచి లెక్క చూస్తే సుమారు 30 ఏళ్ళలో అక్కడి బడుల్లో జూడో సాధనలో వందమందికి పైగా పిల్లలు చనిపోయారు. ఎక్కువమందికి తల దెబ్బలు. వారిలో కొత్తగా చేరిన పిల్లలు చాలామంది. పడటం సరిగా రాకముందే వాళ్ళను పెద్దవాళ్ళు ఎత్తి వేశారు. పిల్లలను పోగొట్టుకున్న తల్లిదండ్రులు, దెబ్బతిన్న పిల్లల తల్లిదండ్రులు 2010లో సంఘంగా కలిసి అడగడం మొదలుపెట్టాక గానీ ఈ లెక్కలు అందరి చెవిన పడలేదు. 2013లో ఆ దేశపు మహిళా జూడో క్రీడాకారిణులు 15 మంది, తమ కోచ్ కొడుతున్నాడని, తిడుతున్నాడని బయటపెట్టారు. ఆయన పదవి వదులుకోవాల్సి వచ్చింది. ఒలింపిక్స్ స్థాయి ఆడవాళ్ళకే నోరు తెరవడానికి అంతకాలం పట్టిందంటే, ఎనిమిదేళ్ళ పిల్లవాడి సంగతి ఆలోచించండి. చివరకు 2022లో ప్రాథమిక పాఠశాల పిల్లల జాతీయ పోటీని జపాను జూడో సమాఖ్య తానే రద్దు చేసింది. గెలవాలన్న ఆత్రంలో చిన్నపిల్లల చేత బరువు తగ్గించడం, కోచ్‌లూ తల్లిదండ్రులూ రిఫరీ మీద అరవడం ఎక్కువైందని వాళ్ళు చెప్పిన కారణం. తల్లిదండ్రులు అన్న మాట కూడా అందులో ఉంది, వినండి.

ఫ్రాన్సులో జూడో నేర్పాలంటే ప్రభుత్వ డిప్లొమా ఉండాలని 1955లోనే చట్టం చేశారు. మర్యాద, ధైర్యం, వినయం, స్నేహం, తనను తాను అదుపులో పెట్టుకోవడం లాంటి ఎనిమిది గుణాలను అక్కడి జూడో హాళ్ళలో గోడ మీద రాసి పెడతారు. రాయడం మంచిదే. అయితే నేర్పేవాడి చదువును ప్రభుత్వం పరీక్షించాక రాసిన గోడకూ, ఊరికే రాసుకున్న గోడకూ తేడా ఉంది.

ఇప్పుడు చెప్పబోయేది కొంచెం బాధ కలిగించే సంగతి. పిల్లలు పక్కన ఉంటే కాసేపు ఆడుకోవడానికి పంపండి. 2021 ఏప్రిల్‌లో తైవాన్ దేశంలోని తైచుంగ్ నగరంలో ఏడేళ్ళ బాబు జూడో క్లాసుకు వెళ్ళాడు. చేరి రెండు వారాలే అయింది. ఆ రోజు వాణ్ణి పెద్ద పిల్లవాడి చేత, తర్వాత కోచ్ చేతులతో, మళ్ళీ మళ్ళీ నేలకు వేశారు. 27 సార్లు అని వార్తల్లో వచ్చింది. మధ్యలో తల నొప్పి అన్నాడు. వాంతి చేసుకున్నాడు. లేవమన్నారు, లేచాడు, మళ్ళీ వేశారు. మెదడులో రక్తస్రావమై కోమాలోకి వెళ్ళి, సుమారు 70 రోజులకు చనిపోయాడు. ఆ కోచ్‌కు నేర్పడానికి లైసెన్సు లేదు. 2022లో కోర్టు ఆయనకు తొమ్మిదేళ్ళ జైలు శిక్ష వేసింది.

ఆ హాల్లో బాబు బంధువు ఒకరు ఉన్నారు. ఫోనుతో వీడియో తీస్తున్నారు. ఆపలేదు. ఎందుకు ఆపలేదని చాలామంది అడిగారు. గురువు నేర్పుతుంటే అడ్డం పోకూడదన్న పాత అలవాటు వల్ల కావచ్చని కొందరు జవాబు చెప్పారు. ఆయనను నేను నిందించను. ఆ బాధ ఆయనకు జీవితాంతం ఉంటుంది. కానీ ఆ అలవాటు మనకు లేదా? “తోలు తీసెయ్యండి పంతులుగారూ, కళ్ళు మాత్రం వదిలెయ్యండి” అని బడిలో చేర్పించేటప్పుడు చెప్పిన తాతలు మన ఇళ్ళల్లోనే ఉన్నారు. బడిలో పిల్లలను కొట్టకూడదని 2009 విద్యాహక్కు చట్టం చెప్పింది. అయినా కరాటే క్లాసు దగ్గరికి వచ్చేసరికి, అది దెబ్బల విద్యే కదా, కొడితే ఏమవుతుందిలే అనుకుంటాం. దెబ్బల విద్య కాబట్టే అక్కడ నేర్పేవాడి చెయ్యి మామూలు పంతులు చెయ్యి కన్నా పదింతలు అదుపులో ఉండాలి. గురువును గౌరవించడం అంటే వంగి నమస్కరించడం, సమయానికి వెళ్ళడం, చెప్పింది శ్రద్ధగా చేయడం. నొప్పిని దాచడం గౌరవం కిందికి రాదు. జూడో నియమమే తట్టే హక్కును శిష్యుడికి ఇచ్చింది. దాన్ని తీసేసే అధికారం ఏ మాస్టారికీ లేదు.

తల దెబ్బ గురించి మీరు తప్పకుండా తెలుసుకోవాలి. మెదడుకూ పుర్రెకూ మధ్య సన్నని రక్తనాళాలు ఉంటాయి. పిల్లవాణ్ణి వేగంగా వెనక్కి వేసినప్పుడు తల ఊగిన ఊపుకే అవి తెగవచ్చు. నుదుట బొప్పి కట్టకపోవచ్చు, రక్తం కారకపోవచ్చు. పైకి ఏమీ కనబడకుండా లోపల రక్తం చేరుతుంది. కొందరు గంటల తరబడి బాగానే ఉన్నట్టు కనబడి, అన్నం కూడా తిని, తర్వాత ఒక్కసారిగా పడిపోతారు. కాబట్టి దెబ్బ తగిలాక ఒకటి రెండు రోజులు కనిపెట్టి ఉండండి. తలనొప్పి తగ్గకుండా పెరుగుతున్నా, వాంతులవుతున్నా, లేపితే మెలకువ రాకపోయినా, మాట తడబడినా, తికమకగా మాట్లాడినా, ఒక కంటిపాప పెద్దదిగా కనబడినా, కాలో చెయ్యో పట్టు తప్పినా, ఫిట్స్ వచ్చినా తెల్లవారే దాకా ఆగకండి. 108కి ఫోను చేయండి. స్పృహ లేని పిల్లవాడి నోట్లో నీళ్ళు, సోడా పోయకండి. మెడ నొప్పి అంటుంటే ఎత్తి కూర్చోబెట్టకండి, అంబులెన్సు వచ్చేదాకా కదపకుండా ఉంచండి. నొప్పి మాత్ర ఇంట్లో ఉన్నది ఏదో ఒకటి వేయకండి, కొన్ని మాత్రలు రక్తస్రావాన్ని పెంచుతాయి. డాక్టరు చూసి ఇంటికి పంపిన తర్వాత పిల్లవాడు నిద్రపోవచ్చు. రాత్రంతా నిద్రపోనివ్వకుండా కూర్చోబెట్టనక్కరలేదు. రాత్రి ఎన్నిసార్లు లేపి చూడాలో డాక్టరు చెబుతారు, ఆ ప్రకారం చేయండి. తలకు దెబ్బ తగిలి మసకగా ఉందన్న పిల్లవాడు ఆ రోజు మళ్ళీ చాప ఎక్కకూడదు. మొదటి దెబ్బ మానకముందు తగిలే రెండోది చాలా ప్రమాదం.

ఇంకో సంగతి ఇక్కడే చెబుతాను. బడి వార్షికోత్సవంలో పిల్లల చేత పెంకులు పగలగొట్టించడం, చేతుల మీద, పొట్ట మీద మోటారు సైకిలు ఎక్కించడం మనవైపు చూస్తూనే ఉంటాం. చప్పట్లు బాగా పడతాయి. పదేళ్ళ పిల్లవాడి ఎముక చివర ఇంకా ఎదుగుతున్న మెత్తని భాగం ఉంటుంది. అది నలిగితే ఆ చెయ్యి వంకరగా పెరగవచ్చు, పొట్టిగా ఉండిపోవచ్చు. పొట్టలో కాలేయం, ప్లీహం ఉంటాయి, వాటికి ఎముకల అడ్డు సరిగా లేదు. ఫునాకోషి గారి నియమాలకూ మోటారు సైకిలుకూ ఏ సంబంధమూ లేదు. ఆ ఐటమ్‌లో మీ పిల్లవాడి పేరు ఉంటే తీసేయమని చెప్పండి. పోటీకి రెండు రోజుల ముందు నీళ్ళు మానిపించి బరువు తగ్గించమన్నా ఒప్పుకోవద్దు.

మరి మంచి మాస్టారిని ఎలా గుర్తుపట్టాలి? ఫీజు కట్టకముందు ఒక సాయంత్రం వెళ్ళి గంటసేపు కూర్చోండి. గోడ మీద ఉన్న కప్పులు, ఫోటోలు చూడకండి. కొత్తగా చేరిన పిల్లల్లో అందరికన్నా చిన్నవాడు ఎవరో చూడండి, కళ్ళు వాడి మీదే పెట్టండి. వాణ్ణి ఎవరితో జత కడుతున్నారు? వాడు చాలు అన్నప్పుడు ఏం జరుగుతోంది? ఏడిస్తే మిగతావాళ్ళు నవ్వుతున్నారా, నవ్వితే మాస్టారు ఆపుతున్నారా? కింద ఉన్నది చాపా, సిమెంటు నేలా? పెద్దవాళ్ళు చూడటానికి వస్తామంటే మాస్టారు కూర్చోమంటున్నారా, తలుపు వేసుకుంటున్నారా? పిల్లల ఒంటి మీద చెయ్యి వేసి నేర్పాల్సిన విద్య ఇది. కాబట్టి ఒంటరిగా గదిలో నేర్పడం, అమ్మాయి వద్దన్నచోట ముట్టుకోవడం ఏ విద్యలోనూ భాగం కాదు. అలాంటి అనుమానం వస్తే 1098కి ఫోను చేయవచ్చు. 2012లో వచ్చిన పోక్సో చట్టం ఉన్నది అందుకే.

ఇంట్లో కూడా ఒక పని ఉంది. పిల్లవాడు క్లాసు నుంచి రాగానే “గెలిచావా?” అని అడుగుతాం. దానికి బదులు “ఈరోజు ఎవరితో చేశావు? వాడికి దెబ్బ తగల్లేదు కదా?” అని అడిగి చూడండి. నెల రోజులు అడిగితే వాడే చెప్పడం మొదలుపెడతాడు. ఒక తల్లి ఇలాగే అడుగుతుంటే, తొమ్మిదేళ్ళ కొడుకు తానే అన్నాడట, “అమ్మా, వాడు తట్టాడు, నేను వదల్లేదు, మాస్టారు చూడలేదు” అని. మర్నాడు క్లాసుకు వెళ్ళి వాడే ఆ పిల్లవాడికి సారీ చెప్పి వచ్చాడు. ఆమె నాతో ఈ మాట చెబుతున్నప్పుడు పతకం వచ్చినంత సంతోషంగా ఉంది. తమ్ముణ్ణో చెల్లెల్నో భయపెట్టడానికి ఇంట్లో పట్లు వేస్తుంటే మాత్రం నవ్వి ఊరుకోకండి. ఆ రోజే మాస్టారికి చెప్పండి. మంచి మాస్టారైతే వాడి బెల్టు కొన్నాళ్ళు దాచిపెడతారు.

కిందటిసారి ఈ మాటలు చెప్పినప్పుడు ఒకాయన లేచి, “నేను ఆపితే మాస్టారికి కోపం వచ్చి మావాణ్ణి టోర్నమెంటుకు పంపకపోతే ఎలా సిస్టర్?” అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. పంపకపోవచ్చు. బెల్టు పరీక్ష కూడా వెనక్కి పోవచ్చు. బెల్టు వచ్చే ఏడాది కట్టుకోవచ్చు. నొప్పి అన్నందుకు పిల్లవాణ్ణి శిక్షించే చోట మీ ఫీజు దండగ, ఇంకో చోటు వెతుక్కోండి. చాలామంది మాస్టార్లు అలా ఉండరు. వాళ్ళకు తల దెబ్బల సంగతి ఎవరూ చెప్పలేదు, అంతే. చెబితే వింటారు.

అందుకే దెబ్బతో వచ్చిన పిల్లవాణ్ణి డిశ్చార్జి చేసేటప్పుడు మా దగ్గర ఒక కాగితం అడిగి తీసుకోండి. ఎన్ని రోజులు పూర్తిగా ఆపాలి, ఎప్పటి నుంచి నడక, పరుగు మొదలుపెట్టవచ్చు, జతగా చేసే సాధన ఎప్పుడు, డాక్టరుకు మళ్ళీ ఎప్పుడు చూపించాలి, అన్నీ అందులో తెలుగులో రాసి ఇస్తాం. ఒక జిరాక్సు తీయించి మాస్టారి చేతిలో పెట్టండి.